పరకాయ ప్రవేశం: పాత యంత్రం, కొత్త దేహం



మా పర్ణశాలకు వచ్చే యాత్రికులు గోదావరి ఒడ్డున కాసేపు కూర్చుంటారు. సీతమ్మ చీరలు ఆరవేసినదని చెప్పే బండలు చూస్తారు, కుటీరం బొమ్మలు చూస్తారు, బంగారు లేడి ముందు నిలబడి పిల్లలకు ఫోటోలు తీస్తారు. ముప్ఫయ్యారేళ్ళపాటు తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పిన నాకు ఆ లేడి ఎప్పుడూ ఒక ప్రశ్నగానే కనిపిస్తుంది. మారీచుడు రెండు అనుకరణలు చేశాడు. మొదటిది రూపానికి, రెండవది గొంతుకు. రూపంలో సీతను నమ్మించాడు. చనిపోతూ రాముని కంఠాన్ని అనుకరించి మళ్ళీ నమ్మించాడు. లక్ష్మణుడు ఒక్కడే మొదటినుంచీ అనుమానించాడు. ఆయన లేడి కొమ్ములు కొలవలేదు, గిట్టలు లెక్కపెట్టలేదు. ఇటువంటి లేడి లోకంలో ఉండదు గదా అన్నాడు.

ఒకదానివలె మరొకటి నటిస్తున్నప్పుడు, ఆ నటన సరిగా ఉన్నదో లేదో ఎట్లా తేల్చాలి? ఎన్ని పరీక్షలు చేస్తే చాలు? ఇది పురాణ ప్రశ్న మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కంప్యూటర్ల చరిత్రలో ఇది అరవై ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న అని మొన్నమొన్ననే తెలిసింది. తెలుసుకోవలసిన అగత్యం నాకు కలిగిన తీరు ముందుగా చెబుతాను.

* * *

ఉద్యోగంలో ఉండగా నేను ఒక పదకోశం కూర్చాను. దుమ్ముగూడెం మొదలు భద్రాచలం దాకా గోదావరి తీర గ్రామాలలో పడవవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పోడు సాగు చేసేవాళ్ళు వాడే మాటలు. నీటి సుడులకు, ఇసుక మేటలకు, వలల రకాలకు, గాలి దిక్కులకు వారివద్ద వేరువేరు పేర్లుండేవి. సెలవు రోజుల్లో వెళ్ళి అడిగి రాసుకొన్నాను. 1999లో ఒక పాత కంప్యూటరు కొని, ఆనాటి తెలుగు ముద్రణ సాఫ్టువేరులో నేనే టైపు చేయడం మొదలుపెట్టాను. పదేళ్ళు పట్టింది. సుమారు ఆరువందల పుటలయింది. యూనికోడు అప్పటికే ఉన్నా మాబోటివాళ్ళ చేతికి అందలేదు. ఒక్కొక్క సాఫ్టువేరుకు ఒక్కొక్క సొంత లిపి సంకేతం ఉండేది. ఆ సాఫ్టువేరు లేకపోతే తెరమీద కనిపించేది తెలుగు కాదు, పిచ్చి గీతలు.

ఆ కంప్యూటరు చనిపోయింది. దానిలోని డిస్కును మాత్రం హైదరాబాదులో ఉండే మా మేనల్లుడు భద్రపరిచాడు. కొత్త కంప్యూటరులో ఆ సాఫ్టువేరును నడపబోతే నడవనన్నది.

"మావయ్యా, ఇందులో కొన్ని భాగాలు పదహారు బిట్లవి. ఇప్పటి అరవైనాలుగు బిట్ల వ్యవస్థ వీటిని దగ్గరికి రానివ్వదు" అన్నాడు.

"అయితే నా మాటలు పోయినట్టేనా?" అన్నాను. నాకు పదాలు చెప్పినవారిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. మళ్ళీ వెళ్ళి అడుగుదామంటే ఎవరిని అడగను?

"పోలేదు లెండి. పాత కంప్యూటరును కొత్తదాని కడుపులో పుట్టిద్దాం" అన్నాడు వాడు.

అంటే ఇనుము, తీగలు లేని కంప్యూటరు. కొత్త యంత్రంలో నడిచే ఒక ప్రోగ్రాము తానే పాత యంత్రమైనట్టు నటిస్తుంది. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మన మాటల్లో మిథ్యాయంత్రం అనుకోవచ్చు. పాత ప్రోగ్రాముకు తాను కొత్త దేహంలో ఉన్నానన్న సంగతే తెలియదు. విక్రమార్కుని కథల్లోని పరకాయ ప్రవేశం ఇదే గదా అనిపించింది. కథలో రాజు శరీరంలో దూరిన వేరొకరిని రాణి గుర్తుపడుతుంది. ఇక్కడ గుర్తుపట్టవలసినవాణ్ణి నేను. అందుకే ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని కూర్చున్నాను.

* * *

ఈ కథ ఐ.బి.ఎం. 1401 అనే యంత్రంతో మొదలవుతుంది. అది 1959లో వచ్చింది. దశాంశ పద్ధతిలో, ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకొని లెక్కలు చేసే యంత్రం. దాని జ్ఞాపకం ఎంత పెంచినా 16,000 అక్షరాలకు మించదు. ఈ వ్యాసంలో మీరు ఇప్పటిదాకా చదివినదాన్నీ ఇక చదవబోయేదాన్నీ కలిపితే అందులో పట్టదు. అయినా ప్రపంచమంతటా కార్యాలయాలు జీతాలూ పద్దులూ దానికే అప్పగించాయి. మన రైల్వేలలో కూడా 1960ల దశకంలో జమాఖర్చుల లెక్కలకు ఈ 1401లే వచ్చాయి. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన 1966 అక్టోబరు 2 నాటికి దేశంలో కంప్యూటరు అంటే చాలామందికి ఐ.బి.ఎం. పేరే.

1964 ఏప్రిల్ 7న ఆ సంస్థ సిస్టం 360 అనే కొత్త వంశాన్ని ప్రకటించింది. ఎనిమిది బిట్ల బైట్లు, ముప్ఫై రెండు బిట్ల పదాలు, అంతా కొత్త వ్యాకరణం. పాత 1401 ప్రోగ్రాము దానికి అన్యభాష. అప్పటికి నాలుగు నెలల ముందు, 1963 డిసెంబరులో, హనీవెల్ సంస్థ 200 అనే యంత్రాన్ని ప్రకటించి, 1401 ప్రోగ్రాములను తన భాషలోకి మార్చే సాధనాన్నీ జతచేసింది. దానికి 'లిబరేటర్', అంటే విమోచకుడు అని పేరు పెట్టింది! ఎవరి చెరనుంచి విమోచనమో చెప్పనక్కరలేదు.

ప్రోగ్రాములను తిరగరాయమంటే వాడుకరులు పొరుగింటికి పోతారు. అందుచేత ఐ.బి.ఎం. ఇంజనీర్లు 360లోని చిన్న నమూనాలకు ఒక ఉపాయం చేశారు. ప్రాసెసరు లోపల ప్రతి ఆజ్ఞను ఎట్లా అమలు చేయాలో చెప్పే సూక్ష్మ సూత్రావళి ఒకటి ఉంటుంది. దాన్ని మైక్రోకోడు అంటారు. దానికి 1401 ఆజ్ఞలను కూడా నేర్పారు. అప్పుడు అదే ఇనుము ఒక పూట 360గా, మరొక పూట 1401గా నడిచేది. కేవలం ప్రోగ్రాముతో నటించేదానినుంచి దీనిని వేరు చేయడానికే 'ఎమ్యులేటర్' అనే మాటను ఆ సంస్థవారు వాడుకలోకి తెచ్చారు. అనుకరణి అనవచ్చు మనం.

దీనికి తోబుట్టువువంటి భావన మరొకటి అదే దశకంలో పుట్టింది. అన్యజాతి యంత్రాన్ని నటించడం అనుకరణ. స్వజాతి యంత్రాన్నే అనేక ప్రతులుగా చూపడం మిథ్యాయంత్రం. ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి పరిశోధనాలయంలో మొదలైన ఆ ప్రయత్నం 1972లో వి.ఎం. 370 పేరుతో అంగడికి వచ్చింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దీనికి లక్షణ గ్రంథం వంటి వ్యాసం రాశారు. మూడు లక్షణాలు చెప్పారు. లోపలి ప్రోగ్రాముకు అసలు యంత్రంమీద ఎట్లా నడిచేదో అట్లాగే నడవాలి. యంత్ర సంపదమీద పెత్తనం మిథ్యాయంత్రాన్ని నడిపేవానిదే కావాలి. ఆజ్ఞలలో అత్యధిక భాగం మధ్యవర్తి లేకుండా సూటిగా నడవాలి. మొదటి లక్షణానికి ఒక మినహాయింపు కూడా ఇచ్చారు: పట్టే కాలంలోను, దొరికే సంపదలోను తేడా ఉండవచ్చు. అలంకార శాస్త్రం చదివినవారికి ఈ పద్ధతి చిరపరిచితం. లక్షణం చెప్పి, దానికి అపవాదం చెప్పడం.

* * *

ఇక మన ఊరి సంగతులకు వస్తాను. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967 ఏప్రిల్‌లో ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఎ.ఎస్.రావు నగర్ అంటే ఇప్పటి పిల్లలకు బస్సు దిగే చోటు, మాకు ఆయన పేరు. ఆ సంస్థ టి.డి.సి. 12 అనే పన్నెండు బిట్ల కంప్యూటరును 1969లో తయారుచేసింది. దరిమిలా పదహారు బిట్ల 316 వచ్చింది. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచిపోయినప్పుడు, వదిలిపోయిన యంత్రాలకు మరమ్మతులు చూసుకొనే భారం 1975లో పుట్టిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. సి.ఎం.సి. అని అందరూ పిలిచేది దాన్నే. పరాయివాడు చేసిన యంత్రాన్ని, వాడు లేకుండా, వాడు రాసిన పుస్తకాల ఆధారంగా బ్రతికించడం. వ్యాఖ్యాతల పని లాంటిదే అది.

ఆ సి.ఎం.సి.యే 1985-86లో ఢిల్లీలో రైలు రిజర్వేషన్లకు తొలి కంప్యూటరు వ్యవస్థను రాసింది. దాని పేరు ఇంప్రెస్. అది వాక్స్ యంత్రాలమీద నడిచింది. తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు ఆ వ్యవస్థ విస్తరించింది. అంతకు ముందు కాలం తెలిసినవారికి గుర్తుండే ఉంటుంది: పెద్ద పెద్ద రిజిస్టర్లు, దళసరి అట్ట టిక్కెట్లు, తిరుగు ప్రయాణం సీటు కోసం తంతి పంపి, ఆ ఊరు దిగాక అక్కడి కిటికీ దగ్గర ప్రాణాలు ఉగ్గబట్టుకొని నిలబడడం. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగి గోదావరి దాటవలసిన మాకు ఒక ప్రయాణం అంటే రెండు మూడు తంతులు.

ఈ వాక్స్ యంత్రంలోనే నా ప్రశ్నకు మొదటి స్పష్టమైన జవాబు దొరికింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970లో పి.డి.పి. 11 అనే పదహారు బిట్ల యంత్రం తెచ్చింది. అది చాలా ప్రసిద్ధికెక్కింది. 1977 అక్టోబరులో దానికి వారసునిగా ముప్ఫై రెండు బిట్ల వాక్స్ 11/780 వచ్చింది. పాత వాడుకరులు చేజారకుండా వాక్స్ ప్రాసెసరులోనే ఒక అనుకూల స్థితిని, కంపాటిబిలిటీ మోడ్‌ను అమర్చారు. ప్రాసెసరు స్థితిని చెప్పే ముప్ఫై రెండు బిట్ల పదంలో అన్నిటికంటె పై బిట్టు ఒకటైతే, ఆ క్షణం నుంచీ వాక్స్ పి.డి.పి. 11 భాష మాట్లాడుతుంది.

అయితే పూర్తిగా కాదు. సామాన్య వాడుకరి ప్రోగ్రాములు వాడే ఆజ్ఞలు మాత్రమే అందులో ఉన్నాయి. యంత్రంమీద పెత్తనం చేసే ఆజ్ఞలు లేవు. దశాంశ బిందువు కదిలే సంఖ్యల ఆజ్ఞలూ లేవు. పాత ప్రోగ్రాము 65,536 బైట్ల తన చిన్న గూటిలోనే ఉండాలి. తనకు తెలియని ఆజ్ఞ వస్తే ప్రాసెసరు ఆగి, వి.ఎం.ఎస్. అనే నిర్వాహక వ్యవస్థను పిలుస్తుంది. అది ఆ పని చేసిపెట్టి మళ్ళీ వెనక్కు పంపుతుంది. కొన్నేళ్ళకు మైక్రోవాక్స్ వంటి చిన్న యంత్రాలలో ఈ స్థితిని ఇనుములోంచి తొలగించి, ఆ నటన మొత్తాన్నీ సాఫ్టువేరుకే అప్పగించారు. ఇట్లాంటి స్థితులన్నిటి జాతకమూ ఇంతే. మొదట ఇనుములో పుడుతుంది, తరువాత సాఫ్టువేరులోకి జారుతుంది, చివరకు అటకెక్కుతుంది.

* * *

ఇప్పుడు అసలు ప్రశ్న. వాక్స్ వంశంలో ఒకదాని తరువాత ఒకటిగా రకరకాల యంత్రాలు వచ్చాయి. లోపలి కట్టుబడి ఒక్కొక్కదానిది ఒక్కొక్క తీరు. అన్నీ ఒకే భాష మాట్లాడుతున్నాయని ఎట్లా తేల్చారు?

భారతదేశంలో పుట్టి ఆ సంస్థలో పనిచేసిన దిలీప్ భండార్కర్ అనే ఇంజనీరు 1982లో దీనిగురించి రాశారు. వారివద్ద ఏక్స్ అనే పరీక్షా ప్రోగ్రాము ఉండేది. మనుషులు ఆలోచించి రాసే పరీక్షలు మనుషులకు తట్టే తప్పులనే పట్టుకుంటాయి. ఏక్స్ అట్లా కాదు. అది ఆజ్ఞలనూ, వాటికిచ్చే విలువలనూ చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా కూర్చేది. ఎవరూ రాయని, ఎవరికీ తోచని కలయికలు వచ్చేవి. ప్రతి కలయికనూ పరీక్షించవలసిన యంత్రంమీదా, ప్రమాణంగా పెట్టుకొన్న మరొక వాక్స్‌మీదా నడిపి ఫలితాలు పోల్చేవారు. తేడా వచ్చిందా, ఏది తప్పో విచారణ.

మన పండితులకు ఇది కొత్త కాదు. బ్రౌను దొరగారు కడపలో సొంత ఖర్చుతో పండితులను కూర్చోబెట్టి ఏం చేయించారు? ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు తెప్పించి, పంక్తి పంక్తికీ పాఠాలు పోల్చి, శుద్ధప్రతి రాయించారు. అంతకు వేల ఏళ్ళ ముందే వేదపండితులు పదపాఠం, క్రమం, జట, ఘన అని ఒకే మంత్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించే పద్ధతులు ఏర్పరచారు. అర్థం కోసం కాదు అవి. ఒక అక్షరం జారితే ఏదో ఒక మలుపులో బయటపడాలని. ఎవరూ మామూలుగా మాట్లాడని వరసలో పదాలను పలికించడమే ఘనపాఠం. ఎవరూ రాయని వరసలో ఆజ్ఞలను నడిపించడమే ఏక్స్.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. యంత్ర లక్షణ గ్రంథంలోనే కొన్నిచోట్ల "ఇక్కడ ఫలితం ఇదీ అని చెప్పలేము" అని రాసి ఉంటుంది. అక్కడ రెండు యంత్రాలు రెండు జవాబులిచ్చినా రెండూ ఒప్పే. వ్యాకరణంలో వైకల్పికం అంటామే, అది. పరీక్షకుడు ఆ తేడాలను తప్పులుగా లెక్కించరాదు. కానీ ఎక్కడో ఒక పాత ప్రోగ్రాము ఆ రెండింటిలో ఒకదానికే అలవాటుపడి ఉంటే? శాస్త్రం ప్రకారం యంత్రం తప్పు కాదు. వాడుకరి పని మాత్రం చెడుతుంది.

* * *

వాక్స్ తరువాత 1992లో అదే సంస్థ ఆల్ఫా అనే అరవైనాలుగు బిట్ల ప్రాసెసరు తెచ్చింది. ఈసారి ఇనుములో వాక్స్ స్థితి పెట్టనే లేదు. పాత ప్రోగ్రామును ముందుగానే ఆల్ఫా భాషలోకి అనువదించే వెస్ట్ అనే సాధనం ఇచ్చారు. అనువాదంలో ఏదో కొంత జారుతుంది గదా! వాక్స్‌లో డి-ఫ్లోటింగ్ అనే సంఖ్యారూపం ఉండేది. భిన్నభాగానికి 56 బిట్ల సూక్ష్మత దానిది. ఆల్ఫా ప్రాసెసరు లెక్కచేసే జి-ఫ్లోటింగ్ రూపానిది 53 బిట్లే. డి-రూపపు లెక్కను ఆల్ఫా ఇనుముమీద చేస్తే చివరి మూడు బిట్లు పోతాయి. పదిహేను పదహారు అంకెల తరువాత ఎక్కడో వచ్చే తేడా అది. ఎవరికి కనిపిస్తుంది? అటువంటి తేడాలు లక్షల సార్లు కూడితే మాత్రం కనిపిస్తుంది. కనుక మార్పిడి చేసేవారు "జవాబు సరిపోయిందా" అని ఊరుకోరాదు. ఎన్ని అంకెల దాకా సరిపోవాలో ముందే నిర్ణయించుకోవాలి.

రైల్వేలు ఈలోగా మరో దారి పట్టాయి. 1986లో ఏర్పడిన క్రిస్ సంస్థ రిజర్వేషను వ్యవస్థను కాన్సర్ట్ పేరుతో కొత్తగా రాసింది. దాన్ని మొదట నిలిపింది 1994 సెప్టెంబరులో, మన సికింద్రాబాదులో. 1999లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఆనాటితో తిరుగు ప్రయాణపు తంతికి నూకలు చెల్లాయి. మొదటిసారి భద్రాచలం రోడ్డు నుంచి వెళ్ళిరావడానికి రెండు టిక్కెట్లూ ఒకే కిటికీ దగ్గర చేతిలో పడ్డప్పుడు, నేను వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకొన్నాను. కిటికీలో ఉన్న ఆయన "నిజమైనవేనండీ, అనుమానం వద్దు" అని నవ్వారు.

ఆ వ్యవస్థ ఓపెన్ వి.ఎం.ఎస్.ను వదలకుండా ఇనుమును మార్చుకొంటూ వచ్చింది. ఆల్ఫా తరువాత ఇటానియం. రిజర్వేషను వ్యవస్థ 2010లో నెలకొల్పినదనీ, ఇటానియం యంత్రాలమీద ఓపెన్ వి.ఎం.ఎస్.తో నడుస్తున్నదనీ, దాన్ని సమూలంగా ఆధునీకరించే పని చేపట్టామనీ ప్రభుత్వం 2025లో వెల్లడించింది. అంటే 1977లో వాక్స్‌తోపాటు పుట్టిన నిర్వాహక వ్యవస్థ వంశీకుడే అప్పటికీ మన టిక్కెట్లు రాస్తున్నాడు. ఇటానియం కథ కూడా వింతగానే ఉంటుంది. 2001లో వచ్చినప్పుడు దాని ఇనుములోనూ ఇంటెల్ పాత ముప్ఫై రెండు బిట్ల ప్రాసెసర్ల భాష మాట్లాడే స్థితి ఒకటి ఉండేది. చాలా మెల్లగా నడిచేది. ఆ పని సాఫ్టువేరే ఇంకా చురుకుగా చేయగలిగింది. 2006 నాటి ప్రాసెసరు నుంచి ఇనుములో దాన్ని తీసేశారు. నేను పైన చెప్పిన జాతకమే! ఇటానియం సరఫరా కూడా 2021లో ఆగిపోయింది.

* * *

మన బల్లలమీది కంప్యూటర్లది వేరొక వంశం. 1985 నాటి ఇంటెల్ 80386లో, పాత 8086 ప్రోగ్రాములకోసం 'వర్చువల్ 8086' అనే స్థితి పెట్టారు. 2003లో ఎ.ఎం.డి. సంస్థ అరవైనాలుగు బిట్ల విస్తరణ తెచ్చినప్పుడు, ఆ దీర్ఘ స్థితిలో ముప్ఫై రెండు బిట్ల ప్రోగ్రాములకు అనుకూల స్థితి ఉంచి, వర్చువల్ 8086ను మాత్రం గడప దాటనివ్వలేదు. మా మేనల్లుడు మొదట చెప్పిన మాటకు మూలం ఇక్కడున్నది.

ఇప్పటి సంస్థలలో వందల కంప్యూటర్లమీద వేల మిథ్యాయంత్రాలు నడుస్తాయి. నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి మార్చగలరు. ఆ రెండింటి ప్రాసెసర్లు వేరు తరాలవైతే? అందుకోసం 2008, 2009 ప్రాంతాలలో వి.ఎమ్.వేర్, మైక్రోసాఫ్ట్ సంస్థలు అనుకూల స్థితులు ప్రవేశపెట్టాయి. "నీకేమేమి విద్యలు వచ్చు?" అని ప్రోగ్రాము ప్రాసెసరును అడిగే ఆజ్ఞ ఒకటుంది. ఆ ప్రశ్నకు కొత్త విద్యలు దాచిపెట్టి, అందరికీ వచ్చినవే చెప్పిస్తారు. అజ్ఞాతవాసంలో అర్జునుడు గాండీవం జమ్మిచెట్టుమీద పెట్టి బృహన్నలగా ఉన్నట్టు. అయితే విద్య పోలేదు, చెప్పడం మాత్రమే మానేశాడు. అడగకుండానే కొత్త ఆజ్ఞను ప్రయోగించే ప్రోగ్రాము ఉంటే, చాలా ఆజ్ఞల విషయంలో అది మామూలుగానే నడిచిపోతుంది. పాత కంప్యూటరుకు మారిన తరువాత కూలిపోతుంది. అందుచేత "ఏం చెబుతున్నది" అనే పరీక్ష ఒక్కటీ చాలదు. "ఏం చేస్తున్నది" అని కూడా చూడాలి. మనుషులకూ ఇదే వర్తిస్తుందని విద్యార్థులకు చెప్పేవాణ్ణి.

* * *

నా పదకోశం దగ్గరకు వస్తాను.

మేనల్లుడు మిథ్యాయంత్రం కట్టాడు. అందులో తొంభైల నాటి నిర్వాహక వ్యవస్థను పెట్టాడు. మొదలవుతూనే కూలిపోయింది. రెండు రాత్రులు కూర్చున్నాడు. చివరకు తెలిసిన సంగతి విని నేను నిర్ఘాంతపోయాను. తప్పు కొత్త ప్రాసెసరుది కాదు, మిథ్యాయంత్రానిదీ కాదు. పాత నిర్వాహక వ్యవస్థదే. జ్ఞాపకంలో ఏది ఎక్కడున్నదో చెప్పే పట్టికలు ఉంటాయట. ప్రాసెసరు వాటిలోంచి కొంత తన జేబులో రాసిపెట్టుకుంటుంది. పట్టిక మారినప్పుడు "జేబులోది చింపెయ్" అని చెప్పాలి. ఆ పాత వ్యవస్థ ఒకచోట సరిగా చెప్పలేదు. ఆనాటి ప్రాసెసర్ల జేబు చిన్నది గనుక పాత చీటీ దానంతట అదే జారిపోయేది. కొత్తవాటి జేబు పెద్దది. చీటీ అట్లాగే ఉండిపోయి, తప్పుడు చిరునామాకు తీసుకుపోతున్నది. ఇరవై ఏళ్ళ కిందటి దోషం, ఆనాటి పరిమితుల చాటున ఇన్నాళ్ళు దాగింది.

ప్రాసెసరు సూటిగా ఆజ్ఞలు నడిపే పద్ధతి మాని, 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన క్యూఎము వంటి సంపూర్ణ అనుకరణిలో, ఆజ్ఞ ఆజ్ఞనూ అనువదించి నడిపే పద్ధతికి మార్చాడు. మెల్లగా నడిచింది. కాని నడిచింది. తెరమీద నా అక్షరాలు కనిపించాయి. చెప్పడానికి సిగ్గేమున్నది, కళ్ళు తుడుచుకొన్నాను.

"ఇంక యూనికోడులోకి మార్చేద్దామా మావయ్యా?" అన్నాడు.

"ఆగరా. కనిపించగానే నమ్మితే సీతమ్మ కథే అవుతుంది" అన్నాను.

పాత అచ్చు కాగితాలు వెతికాము. చెదలు తినగా నలభై ఒక్క పుటలు మిగిలాయి. వాటిని తెరతో అక్షరం అక్షరం పోల్చాను. వారం పట్టింది. ఒక్క తేడా లేదు. అంటే అనుకరణి నమ్మదగినదే. అప్పుడు దాన్నే ప్రమాణప్రతిగా పెట్టుకొని, యూనికోడులోకి మార్చిన ప్రతిని దానితో పోల్చాను. ఇక్కడ దొంగ దొరికాడు. మార్పిడి ప్రోగ్రాము శకటరేఫను మామూలు రేఫగా మార్చేస్తున్నది. పదాల పట్టికలో ఈ తప్పు నా కంటికి ఆనలేదు. పడవవాళ్ళ పాటలకు పోలికగా నేను చేర్చిన పాత పద్యాలలో పట్టుబడింది. ప్రాసస్థానంలో నాలుగు పాదాలకూ బండి ఱ ఉండవలసినచోట నాలుగింటా ర వచ్చింది. ప్రాస చెడలేదు! నాలుగూ ఒకే తప్పు చేశాయి గనుక ఛందస్సు పరీక్ష నెగ్గింది. పద్యం కంఠస్థమై ఉండబట్టి పట్టుకొన్నాను. ఛందస్సు మంచి కాపలాదారే గాని, అందరూ కలిసి మారువేషం వేస్తే గుర్తుపట్టలేదు.

మార్పిడి సూత్రాన్ని మేనల్లుడు సరిచేశాడు. మళ్ళీ మొదటినుంచీ పోలుస్తున్నాను. ఈ వ్యాసం రాసేనాటికి రెండువందల పన్నెండు పుటలయ్యాయి. తక్కినవి ఉన్నాయి. ఆ మిథ్యాయంత్రాన్ని మాత్రం చెరిపెయ్యవద్దని వాడికి గట్టిగా చెప్పాను. శుద్ధప్రతి తయారైనంత మాత్రాన మాతృకను గోదావరిలో కలుపుతామా?

ఈ అరవై ఏళ్ళ చరిత్రలో నాకు తెలిసివచ్చింది ఇంతే. పరీక్షలు ఎన్ని నెగ్గినా అవి పరీక్షించిన మేరకే భరోసా. నలభై ఒక్క పుటలు సరిపోయాయంటే నలభై ఒక్క పుటలే సరిపోయాయి. తక్కిన వాటిమీద ఉన్నది నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఎంతో తెలిసి ఉండడమే శాస్త్రం. సుడిగుండానికి ఏడు పేర్లు చెప్పిన ఆ ముసలి పడవవాడు నన్ను ఏమీ అడగలేదు. ఏడూ సరిగ్గా రాసుకొన్నావా అని ఒక్కసారి అడిగి, నాచేత తిరిగి చదివించుకొన్నాడు. ఏక్స్ అన్నా, ఘనపాఠం అన్నా ఆ తిరిగి చదివించుకోవడమే.

మీ ఇళ్ళలో పాత డిస్కులలో, పాత లిపులలో చిక్కుకొన్న రాతలు ఉంటే, ఆ యంత్రం ఊపిరి ఉండగానే కొన్ని పుటలైనా కాగితంమీద అచ్చు తీసి ఉంచండి. రేపు ఏ అనుకరణినైనా నిలదీసి అడగడానికి మీ చేతిలో ఒక సాక్ష్యం ఉంటుంది.

తప్పులుంటే పెద్దలు మన్నించి చెప్పగలరు. స్వస్తి.